ఓరుగంటి మట్టికోట

ఓరుగంటి శిలాతోరణమును కన్నులార చూడని తెలుగువాడుండవచ్చును గాని, దాని రూపమెరుగని తెలుగువాడరుదు. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట ఆ తోరణము రాజముద్రలో స్థానము గాంచినది. సభావేదికలకును, ఊరి పొలిమేరలయందలి స్వాగతద్వారములకును అదియే మాదిరి యగుచున్నది. ఇది మనకెల్లరకును గర్వకారణమే. కాని తోరణమన నేమి? లోనికి రమ్మని పిలుచునది. ఆ పిలుపు విని లోనికడుగిడిన వారికి చూపుటకు మనయొద్ద ఏమి మిగిలియున్నది?

నాలుగు తోరణముల నడుమ స్వయంభూదేవుని ఆలయముండెడిది. దానిని చుట్టి రాతికోట; అడ్డముగ కొలిచిన నించుమించు ముప్పాతిక మైలు. దానికావల మట్టికోట, ఇది మైలున్నర. గణపతిదేవుని కాలమున లేచి, రుద్రమదేవి కాలమున బలపడిన ఈ ప్రాకారములకు నాలుగు దిక్కుల నాలుగు వాకిండ్లు. రాజధానిని చక్రాకారముగ తీర్చి, నడుమ దేవుని నిలిపిన ఆ నిర్మాణము నేటికిని ఎత్తునుండి చూచువారికి స్పష్టముగ కనబడును.

ఆ చక్రములో మెలగిన జనులెట్టివారు? వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము చదివినవారికి ఈ ప్రశ్నకు బదులు దొరకును. గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడగు టిట్టిభసెట్టియు ఒక దినమెల్ల ఓరుగంటి వీథులలో తిరుగుదురు. కోడిపందెములును, పొట్టేళ్ల పోరును చూతురు, పలనాటి వీరుల కథాగానము విందురు, ఏకవీరాదేవికి మ్రొక్కుదురు, ప్రతాపరుద్రుని కాలపు మాచల్దేవి చిత్రశాలకును పోవుదురు. పూటకూళ్లయింట ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పప్పు, నేయి, పండ్లు, పెరుగు దొరకెడివట. ప్రతాపరుద్రీయము చదివిన రాజు కీర్తి తెలియును. క్రీడాభిరామము చదివిన ఊరి ఊపిరి తెలియును. అయినను ఆ వీథులెచ్చటివో, ఆ అంగళ్లెచ్చట నుండెడివో తెలుపు పలకయొక్కటియైన అక్కడ నిలిపి చూపవలెనను పట్టుదల మనకు కలిగినదా?

1310వ సంవత్సరమున మాలిక్ కాఫూరు సేనలు ఈ నగరమును ముట్టడించినవి. ఢిల్లీ ఆస్థానకవి అమీరు ఖుస్రూ ఆ ముట్టడిని వర్ణించుచు, ఈ మట్టిగోడలో ఉక్కు ఈటె సైతము దిగదని మెచ్చుకొనెను. శత్రుపక్షపు కవియే మెచ్చిన గోడ యది. 1323లో నగరము ఉలూగ్ ఖాను వశమయ్యెను. స్వయంభూదేవుని ఆలయము నేలమట్టమయ్యెను. ప్రతాపరుద్రుడు బందీయై దారిలోనే అసువులు వీడెను. ఇంత జరిగినను మట్టికోట నిలిచినది. ఏడువందల ఏండ్ల వానలకును కరగలేదు. అట్టి గోడ నేడు దారులకొరకును, ఇండ్లకొరకును పలుచోట్ల తెగుచున్నది. ఉక్కు ఈటెకు లొంగనిది పలుగుపారలకును, మన యుపేక్షకును లొంగుచున్నదనిన సిగ్గుపడవలసినవారెవరు?

ఇది పాతరాళ్లపై మమకారమువలన చెప్పుమాట కాదు. కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరము తటాకములు కట్టించినవారు. ఒక చెరువు మిగులునీరు మరియొక చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగ జలమును నడుపు విద్య వారి నాటిది. వ్యవసాయదారులగు మా పాఠకులకు దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. 2020 ఆగష్టు వానలకు వరంగల్లు నగరమున పేటలకు పేటలే నీట మునిగినవి. నీటి త్రోవలను మూసి ఇండ్లు కట్టినచో నీరు ఇండ్లలోనికే వచ్చును. పూర్వుల నగరమును మరచుట కేవలము చరిత్రనష్టము కాదు. దానివలన ధాన్యమును, గృహమును, ప్రాణమును నష్టపడును.

2021లో రామప్ప దేవాలయము ప్రపంచ వారసత్వ స్థానముగ గణింపబడినది. తొలుత వేయిస్తంభముల గుడియు, ఓరుగంటి తోరణములును దానితోపాటు ప్రతిపాదింపబడినవే. కాని ఆ గౌరవము రామప్పకు మాత్రమే దక్కినది. రాజధాని వెనుకబడినదనుట మనకు హెచ్చరిక కావలదా?

కోటలో తరతరములుగ కాపురముండి సేద్యము చేయుచున్నవారిని వెళ్లగొట్టుడని మేము చెప్పము. జనములేని కోట శవప్రాయము. మేము కోరునది స్వల్పము. మట్టికోట హద్దులను కొలిపించి రాళ్లు పాతింపవలెను. ఆ పటమును అందరికిని తెలియునట్లు ప్రకటింపవలెను. ఇకమీదట గోడను తెగగొట్టు పనికి, అది సర్కారు పనియైనను, అనుమతి యీయరాదు. హద్దులవలన నష్టపడు గృహస్థులకు న్యాయమైన పరిహారమును ముందుగనే యీయవలెను. వాకిండ్లయొద్దను, చెరువుల యొద్దను, శాసనముల యొద్దను వాని కథను తెలుగున వ్రాయించి నిలుపవలెను. పాఠశాలల బాలురను, బాలికలను ఏటేట ఒకనాడు ఆ కోటచుట్టు నడిపింపవలెను.

పురావస్తుశాఖ చేయవలసినది కొంత, పురపాలకసంఘము చేయవలసినది కొంత. ఆ యిరువురిని కదిలింపవలసినవారు ఓరుగంటి పౌరులు. తోరణమును ముద్రపై నిలుపుకొన్న జాతి, కోటను నేలపై నిలుపుకొనలేకపోయినచో, ఆ ముద్రకు విలువయేమి?