జనరల్‌గారు, ఓటరుగారు

2012 మార్చి 6వ తేదీన ఉత్తరాఖండ్ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం 70 స్థానాలలో కాంగ్రెసుకు 32, భారతీయ జనతా పార్టీకి 31 దక్కాయి. ఒక్క స్థానం అటునుంచి ఇటు వచ్చి ఉంటే లెక్క తారుమారయ్యేది. అలా చేజారిన స్థానాలలో ఒకటి కోట్‌ద్వార్. అక్కడ ఓడినది ఊరూ పేరూ లేని అభ్యర్థి కాదు. సాక్షాత్తు ముఖ్యమంత్రి, రిటైర్డు మేజర్ జనరల్ శ్రీ భువన్ చంద్ర ఖండూరీ. ‘ఖండూరీ హై జరూరీ’, అంటే ఖండూరీ ఉండి తీరాలి అని రాష్ట్రమంతటా ప్రచారం చేసి పార్టీ ఓట్లడిగింది. రాష్ట్రం ఆ పార్టీకి 31 స్థానాలిచ్చింది. ఎవరి పేరు చెప్పి ఓట్లడిగారో ఆయనను మాత్రం కోట్‌ద్వార్ ఓటరు 4,623 ఓట్ల తేడాతో ఇంటికి పంపాడు.

ఎక్కడో హిమాలయాల పాదాల దగ్గర జరిగిన ఈ ముచ్చటతో మన జిల్లాకు పనేమిటని ఎవరైనా అడగవచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలటరీ మాధవరం’ అని పిలుచుకునే జిల్లా ఇది. తాత, తండ్రి, కొడుకు వరసగా యూనిఫారం వేసుకున్న ఇళ్ళు ఇక్కడ ఉన్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా, ఈ రాజకీయాలను బాగుచేయాలంటే మిలటరీవాడే రావాలన్న మాట రచ్చబండల మీద వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటలో నిజమెంత, ఆశ ఎంత అన్నది తేల్చుకోవాలంటే శ్రీ ఖండూరీ ఎన్నికల చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు. ఒకసారి నిలబడి, ఓడి, జనానికి కృతజ్ఞత లేదని నిందించి ఇంట్లో కూర్చున్న సేనాని కాదాయన. గెలిచాడు, ఓడాడు, మళ్ళీ వచ్చాడు. పాతికేళ్ళపాటు అదే పని.

ఆయన 1954లో సైన్యంలో చేరి ఇంజనీర్ల దళంలో 36 ఏళ్ళు పనిచేశారు. అతి విశిష్ట సేవా పతకం పొందారు. రిటైరైన వెంటనే 1991లో గఢ్వాల్ నుంచి లోక్‌సభకు పోటీచేసి గెలిచారు. గఢ్వాల్ అంటే ఒకరకంగా పెద్ద మాధవరం అనుకోవచ్చు. గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం ఉన్న లాన్స్‌డౌన్ ఆ ప్రాంతంలోనిదే. కొండ వాలులో చిన్న చిన్న చెక్కల పొలాలు. వాటిమీద ఇల్లు గడవదు. మగపిల్లవాడికి మీసాలు వస్తే సైన్యంలో భర్తీకి పరుగు. నెలనెలా మనియార్డరు వస్తేనే పొయ్యి వెలిగే గ్రామాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. అలాంటి చోట జనరల్‌గారికి ఎదురేముంటుంది?

ఎదురు ఉంది. 1996లో అదే గఢ్వాల్ ఆయనను ఓడించింది. గెలిచినవారు శ్రీ సత్పాల్ మహారాజ్. తివారీ కాంగ్రెసు తరఫున నిలబడిన ఆధ్యాత్మిక గురువు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గఢ్వాల్ అప్పటికి ఉత్తరప్రదేశ్‌లో భాగం. ఆ రాష్ట్రంలోని 85 స్థానాలలో భారతీయ జనతా పార్టీ ఆ ఏడాది 52 గెలిచింది. అంటే గాలి పార్టీవైపే ఉంది. అయినా జనరల్‌గారు ఓడారు. అంతకుముందు 1991 గెలుపులో అయోధ్య ఉద్యమపు గాలి వాటా ఎంతో, యూనిఫారం వాటా ఎంతో ఈ ఓటమితో ప్రశ్నార్థకమైంది.

కొండల్లో ఓటరుకు సైనికుడు కొత్త కాదు. ప్రతి ఇంట్లో ఒక సుబేదారో, హవల్దారో ఉన్న ఊళ్ళో పతకం గొప్ప విడ్డూరం కాదు. ఆ ఓటరు అడిగేది వేరు. వానాకాలంలో కొండచరియ విరిగి పడితే రోడ్డు ఎన్నాళ్ళకు తెరుస్తారు? ఆడవాళ్ళు నీళ్ళబిందెతో ఎంత దూరం ఎక్కాలి? ఇవి అడిగే హక్కు ఆ ఓటరుకు ఉంది. దేశానికి చేసిన సేవకు ప్రభుత్వం పెన్షను ఇస్తుంది. ఓటు పెన్షను కాదు. 1971లో బొంబాయి నుంచి లోక్‌సభకు పోటీచేసిన జనరల్ కరియప్పగారికే ఆ సంగతి తెలిసివచ్చింది. భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాధిపతి అయినవారిని కూడా ఓటరు ఓడించాడు.

శ్రీ ఖండూరీ గొప్పతనం 1996 ఓటమి తర్వాత కనబడుతుంది. రెండేళ్ళు తిరగకుండానే 1998లో మళ్ళీ అదే గఢ్వాల్‌లో నిలబడి గెలిచారు. 1999లో గెలిచారు. 2004లో దేశమంతటా తమ కూటమి చతికిలపడిన వేళ కూడా గెలిచారు. ఈ వరస విజయాల మధ్యలో ఆయనకు దక్కిన బాధ్యత మన జిల్లాకూ సంబంధించినది. 2000 నవంబరు నుంచి ఆయన వాజపేయి ప్రభుత్వంలో రోడ్డు రవాణా, రహదారుల శాఖ చూశారు. 2003లో క్యాబినెట్ హోదా వచ్చింది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి పనులు ముమ్మరంగా సాగినది ఆయన హయాంలోనే. చెన్నై-కోల్‌కతా దారి మన రాష్ట్రంలో తడ నుంచి ఇచ్ఛాపురం దాకా సాగుతుంది. పాత అయిదో నంబరు రోడ్డు మీద లారీకి ఎదురుగా లారీ వస్తే పక్కనున్న చెట్టుకు దండం పెట్టుకున్న రోజులు ఈ జిల్లా పెద్దలకు గుర్తే. పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి సెస్సు కట్టినవాళ్ళలో మన ఆటోవాలా, మన రైతు కూడా ఉన్నారు కనుక ఆ రోడ్డు ఎవరి దయా కాదు. అయితే డబ్బు వసూలై కూడా రోడ్డు పడని సందర్భాలు ఈ దేశంలో కొల్లలు. ఈసారి పడింది. గడువు పెట్టి, కాంట్రాక్టరును నిలదీసి పనిచేయించే అలవాటు ఆయనకు సైన్యం నేర్పినదే.

అందుకని అంతా సవ్యంగా జరిగిందనడానికి వీలులేదు. ఆ పనుల్లోనే జరుగుతున్న అక్రమాలను వివరిస్తూ సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. ఆ పేరు దాగలేదు. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని దర్యాప్తులో తేల్చారు. ఏదైనా కానివ్వండి, రాసినవాడి పేరును ప్రభుత్వం కాపాడలేకపోయిన మాట మాత్రం నిజం. నిజాయితీపరుడైన మంత్రి పైన ఉన్నంత మాత్రాన కింద సబ్‌కాంట్రాక్టు దాకా నిజాయితీ దానంతటదే పాకదు. సైన్యంలో జనరల్ ఆజ్ఞ సిపాయి దాకా వెళ్తుంది. ప్రభుత్వంలో మంత్రి ఆజ్ఞ ఏ బల్లమీద ఆగుతుందో చెప్పడం కష్టం.

2007లో ఉత్తరాఖండ్‌లో అధికారం చేతికి రాగానే పార్టీ ఆయనను ముఖ్యమంత్రిని చేసింది. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు. శాసనసభలో స్థానం లేదు. ఆరు నెలల్లో గెలిచి తీరాలి. అప్పుడు జరిగిన తతంగం ఏ రాజకీయ పండితుడూ ఊహించనిది. ధుమాకోట్ శాసనసభ్యుడు, అంతకుముందు కాంగ్రెసు మంత్రివర్గంలో పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ తేజ్‌పాల్ సింగ్ రావత్, పార్టీకీ పదవికీ రాజీనామా ఇచ్చి స్థానం ఖాళీచేశారు. శ్రీ ఖండూరీ అక్కడ గెలిచారు. ఆయన వదిలిన గఢ్వాల్ లోక్‌సభ స్థానానికి 2008 ఉపఎన్నికలో ఆ రావత్‌గారే భారతీయ జనతా పార్టీ టిక్కెట్టు మీద గెలిచారు. ఇద్దరు జనరళ్ళు కుర్చీలు మార్చుకున్నట్టయింది! ప్రత్యర్థి పార్టీ మీద గెలిచి వచ్చిన ఎమ్మెల్యే ఆ పార్టీలోకే మారడాన్ని సామాన్య నాయకుడు చేస్తే ఫిరాయింపు అంటారు. భుజాన నక్షత్రాలున్నవారు చేస్తే మరో పేరు పెట్టనక్కరలేదు. ఈ లావాదేవీ శ్రీ ఖండూరీ పేరుకు వన్నె తెచ్చినది కాదు.

ఓటరు మరుసటేడే లెక్క సరిచేశాడు. 2009 లోక్‌సభ ఎన్నికలలో ఆ రాష్ట్రంలోని అయిదు స్థానాలకు అయిదూ భారతీయ జనతా పార్టీ ఓడింది. గఢ్వాల్‌లో రావత్‌గారు సత్పాల్ మహారాజ్ చేతిలో ఓడారు. బాధ్యత వహించి శ్రీ ఖండూరీ పదవి వదిలారు. అప్పటికే సొంత ఎమ్మెల్యేలకు ఆయన కొరుకుడు పడటం లేదు. బదిలీ కోసమో, టెండరు కోసమో వచ్చినవాడికి మొహమాటం లేకుండా కాదనే మనిషి అన్న పేరు ఉండేది. అది గుణమో దోషమో వచ్చిన పనినిబట్టి ఉంటుంది. రెండేళ్ళు గడిచేసరికి ఆయన స్థానంలో వచ్చిన ప్రభుత్వానికి అవినీతి ఆరోపణలు చుట్టుకున్నాయి. ఎన్నికలు ముంగిట్లోకి వచ్చాయి. 2011 సెప్టెంబరులో పార్టీ మళ్ళీ పాత జనరల్ తలుపు తట్టింది.

నవంబరు మొదటి రోజుల్లోనే ఆయన శాసనసభలో లోకాయుక్త బిల్లు ఆమోదింపజేశారు. ముఖ్యమంత్రిని కూడా దాని పరిధిలోకి తెచ్చిన బిల్లు అది. అన్నా హజారే అంతటివాడు మెచ్చుకున్నాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వం హయాంలో ఆ చట్టం అమలుకే నోచుకోలేదు.

ఇంతలో నియోజకవర్గాల పునర్విభజనలో ధుమాకోట్ మాయమైంది. ముఖ్యమంత్రి కొత్త చోటు వెతుక్కోవాల్సివచ్చింది. కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట, రైలుకట్ట ముగిసే చోట ఉన్న కోట్‌ద్వార్‌ను ఎంచుకున్నారు. ఎదుట నిలబడినవారు కాంగ్రెసుకు చెందిన శ్రీ సురేంద్ర సింగ్ నేగీ, స్థానికంగా పాతుకుపోయిన నాయకుడు. ముఖ్యమంత్రి రాష్ట్రమంతా తిరగాలి. నేగీగారు కోట్‌ద్వార్‌లో తిరిగితే చాలు. సొంత పార్టీవారే వెన్నుపోటు పొడిచారన్న ఆరోపణలు ఫలితాల తర్వాత గట్టిగా వినవచ్చాయి. అది కొంత నిజమే అనుకున్నా, వెన్ను ఎటు ఉంచాలో తెలియకపోవడం కూడా రాజకీయంలో లోపమే. సైన్యంలో పక్కవాడు మనవాడే అన్న నమ్మకం మీద మనిషి బతుకుతాడు. ఎన్నికల్లో ఆ నమ్మకాన్ని రోజూ కొత్తగా సంపాదించుకోవాలి.

రావత్‌గారి సంగతి మరీ విచిత్రం. ఆయన భారతీయ జనతా పార్టీనీ వదిలి ఉత్తరాఖండ్ రక్షా మోర్చా అని సొంత కుంపటి పెట్టుకున్నారు. 2012లో దానికి ఒక్క స్థానమూ రాలేదు. మాజీ సైనికులు లెక్కకు మించి ఉన్న రాష్ట్రంలో జనరల్ పెట్టిన పార్టీకి పట్టిన గతి అది. మాజీ సైనికులంతా ఒక్క మూటగా ఓటు వేస్తారన్న భ్రమ ఉన్నవారు ఈ ఫలితాన్ని ఒకసారి చూసుకోవడం మంచిది. వాళ్ళకూ కులాలున్నాయి, ఊళ్ళున్నాయి, పిల్లల ఉద్యోగాలున్నాయి, అందరిలాగే.

ఇక్కడే మరో మాట. సర్వీసులో ఉన్న జవాను రాజకీయ సభకు వెళ్ళరాదు. సైనిక నిబంధన ఒప్పుకోదు. అతనికున్నది ఓటు ఒక్కటే. చాలాకాలం ఆ ఓటు కూడా పోస్టులో వెళ్ళి, పోస్టులో తిరిగిరావాల్సి వచ్చేది. నామినేషన్ల ఉపసంహరణకూ పోలింగుకూ మధ్య ఉండే కొద్ది రోజుల్లో సరిహద్దు చౌకీకి కాగితం చేరేదెప్పుడు, లెక్కింపు నాటికి తిరిగొచ్చేదెప్పుడు? 2016లో నిబంధనలు సవరించి బ్యాలెట్ కాగితాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే ఏర్పాటు చేశారు. అయినా ఓటు తిరిగి పోస్టులోనే రావాలి. జవానుల ఫొటోలు పోస్టర్లపై వేసుకోవద్దని 2019 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం పార్టీలను మళ్ళీ హెచ్చరించాల్సి వచ్చింది. ఫొటోకు ఉన్న తొందర ఓటుకు లేకపోయింది.

శ్రీ ఖండూరీ కోట్‌ద్వార్‌తో ఆగలేదు. 2014లో, 79 ఏళ్ళ వయసులో, మళ్ళీ గఢ్వాల్ నుంచి లోక్‌సభకు నిలబడి కాంగ్రెసుకు చెందిన శ్రీ హరక్ సింగ్ రావత్‌ను లక్షా 80 వేలకు పైగా మెజారిటీతో ఓడించారు. ఆ ఏడాది రాష్ట్రంలో అయిదు స్థానాలూ ఆయన పార్టీవే కనుక గాలి వాటా ఇందులోనూ ఉంది. కానీ ఆ సభ్యత్వంతో ఆయన చేసిన పని గాలివాటుది కాదు. పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం అధ్యక్షుడిగా 2018 మార్చిలో సమర్పించిన నివేదికలో, సైన్యం చేతిలోని ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతబడినదేనన్న సైన్యాధికారుల వాంగ్మూలాన్ని దాచకుండా బయటపెట్టారు. ఢిల్లీలో ఉన్నది సొంత పార్టీ ప్రభుత్వం. అదే ఏడాది సెప్టెంబరులో అధ్యక్షస్థానం నుంచి ఆయనను తప్పించారు. యూనిఫారం విప్పిన 28 ఏళ్ళకు ఆయన యూనిఫారం వేసుకున్నవాడి తరఫున చేసిన పని ఇది. ఆయన పేరు చెప్పి ఓట్లడిగిన సభలన్నిటికంటే దీని విలువ ఎక్కువ.

2019లో ఆయన నిలబడలేదు. కుమారుడు మనీష్ కాంగ్రెసులో చేరి గఢ్వాల్‌లో పోటీచేసి ఓడారు. తర్వాత 2024లో భారతీయ జనతా పార్టీలో చేరారు. కుమార్తె రీతూ ఖండూరీ భూషణ్ 2017లో యమకేశ్వర్ నుంచి గెలిచారు. తండ్రి పేరు వారసత్వంగా అందుకునే ఆనవాయితీకి సేనాపతుల కుటుంబాలూ మినహాయింపు కాదని తేలింది. 2022లో ఆమె కోట్‌ద్వార్‌కు మారారు. పదేళ్ళకింద తండ్రిని ఓడించిన ఊరు, ఎదుట అదే సురేంద్ర సింగ్ నేగీ. ఈసారి ఓడినది నేగీగారు. ఆ మార్చిలోనే రీతూ ఖండూరీ ఉత్తరాఖండ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరుగా ఎన్నికయ్యారు.