బెర్లిన్ పక్కన... మనవాళ్లు!

జర్మనీలోని జెహ్రెన్స్‌డార్ఫ్ దగ్గర చెట్ల మధ్య ఓ చిన్న సైనిక శ్మశానం ఉంది. బెర్లిన్‌కి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్లు. అక్కడున్నది 206 మంది భారతీయులు!

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల తరఫున వెళ్లి జర్మన్లకు చిక్కినవాళ్లు వీళ్లు. ఈ ఖైదీలను మంచి చేసుకుని బ్రిటన్‌మీదికే ఉసిగొల్పాలన్నది జర్మన్ల ఎత్తు. అందుకే పక్కనే వ్యూన్స్‌డార్ఫ్‌లో 'అర్ధచంద్ర శిబిరం' పెట్టారు. 1915లో అందులో చెక్కతో మసీదు కట్టారు, పండగలు చేసుకోనిచ్చారు. మర్యాదలు సరే, ఆ చలికి మందేదీ? క్షయ చాలామందిని పొట్టన పెట్టుకుంది.

భాషల పరిశోధకులు వచ్చి ఖైదీల గొంతులు రికార్డు చేసేవారు. 1916లో ఓ పంజాబీ సైనికుడు తన గోడునే ఎవరిదో కథలా చెప్పుకున్నాడు... హిందుస్థాన్‌లో వెన్న తిన్న మనిషొకడు ఇక్కడ చిక్కుకున్నాడనీ, ఇంటికెళ్లాలని అతని ఆశ అనీ! ఆ రికార్డు బెర్లిన్‌లో ఇప్పటికీ భద్రం.

సమాధులకు ఆ అదృష్టం లేకపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ప్రాంతం సోవియట్ సైన్యానికి శిక్షణ మైదానమైంది, శ్మశానం పాడుబడింది. 1994లో ఆ సైన్యం వెళ్లిపోయింది. ఆ తర్వాత బాగుచేసి, 2005లో మళ్లీ అంకితం చేశారు.