ఇంట్లో బ్యాటరీ చార్జింగ్: ఎక్కడ పెడుతున్నాం, ఎప్పుడు పెడుతున్నాం అన్నదే ముఖ్యం

పదేళ్ల కిందట రైతు ఇంట్లో బ్యాటరీ అంటే ట్రాక్టర్ బ్యాటరీ ఒక్కటే. ఇప్పుడు మందు కొట్టే చార్జింగ్ పంపు ఉంది. చాలా ఊళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా వచ్చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. పెట్రోల్ ఖర్చు తగ్గుతుందని రైతులు ఈ బళ్లు కొంటున్నారు. కొనడంలో తప్పు లేదు. కానీ బండితో పాటు ఇంట్లోకి చార్జర్ కూడా వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో షోరూంలో వివరంగా చెప్పేవారు తక్కువ.

2022లో జరిగిన కొన్ని ప్రమాదాలను, ఆ తర్వాత మారిన నిబంధనలను చూస్తే వరంగల్ రైతు కుటుంబాలు నేర్చుకోవలసినది చాలా ఉంది.

2022లో ఏం జరిగింది?

2022 మార్చి చివర్లో తమిళనాడులోని వేలూరులో ఒక ఇంటి దగ్గర రాత్రి చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ అంటుకుంది. పొగ కమ్మేయడంతో తండ్రి, కూతురు ఊపిరాడక చనిపోయారు.

ఏప్రిల్‌లో మన నిజామాబాద్‌లో ఒక కుటుంబం స్కూటర్ బ్యాటరీని బయటికి తీసి, అర్ధరాత్రి దాటాక ఇంట్లో చార్జింగ్ పెట్టింది. తెల్లవారుజామున అది పేలింది. అదే గదిలో పడుకున్న 80 ఏళ్ల పెద్దాయన ప్రాణాలు కోల్పోయారు. అదే నెల 23న విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని చనిపోయారు. భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ బండి కొని ఒక్క రోజే అయింది.

సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారి గుండా పై అంతస్తులకు చేరింది. 8 మంది చనిపోయారు.

ఈ నాలుగింటిలో బళ్లు వేరు, ఊళ్లు వేరు. ఇళ్లలో జరిగిన మూడింటిలోనూ చార్జింగ్ రాత్రిపూట, మనుషులు నిద్రపోతున్నప్పుడు జరిగింది. వేలూరులో, సికింద్రాబాద్‌లో ప్రాణం తీసింది ఎక్కువగా పొగే. బ్యాటరీలో లోపం ఉందో లేదో రైతు పైనుంచి చూసి చెప్పలేడు. మనిషి పడుకునే చోట దాన్ని పెట్టకపోవడం మాత్రం పూర్తిగా రైతు చేతిలో ఉంది.

నిబంధనలు మారాయి, ఇల్లు మారలేదు

ఈ ప్రమాదాల తర్వాత కేంద్రం నిపుణుల కమిటీ వేసి, ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది. మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ నిండగానే వోల్టేజీని ఆపేయడం, కరెంటు ఒక్కసారిగా కాకుండా మెల్లగా మొదలవడం, బ్యాటరీ మరీ ఖాళీ అయితే ముందుగా గుర్తించడం, కరెంటు లీకేజీని కనిపెట్టడం వంటివి చార్జర్‌లో ఉండాలని అందులో పెట్టారు.

దీన్ని బట్టి రైతు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, కొత్త బండి భద్రతలో సగం చార్జర్‌లోనే ఉంది. కంపెనీ చార్జర్ పాడైందని బజారులో తక్కువ ధరకు దొరికే ఏదో ఒకటి తగిలిస్తే ఆ భద్రత పోయినట్టే. పిన్ను సరిపోయినంత మాత్రాన చార్జర్ సరిపోయినట్టు కాదు. లెడ్ బ్యాటరీ చార్జర్‌ను లిథియం బ్యాటరీకి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు.

రెండు, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు తయారీ నెల, సంవత్సరం చూడాలి. 2023 మార్చికి ముందు తయారైన బండి అయితే బ్యాటరీ మార్చారా, కంపెనీ వెనక్కి పిలిచిన బళ్లలో అది ఉందా అని డీలర్‌ను అడగాలి. గంటకు 25 కిలోమీటర్లకు మించని, మోటారు 250 వాట్ల లోపు ఉన్న చిన్న బళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటివి కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి.

ప్రభుత్వ నిబంధన ఫ్యాక్టరీ గేటు దాకా వస్తుంది. ఇంట్లో పాత స్విచ్‌బోర్డు, లేని ఎర్తింగ్, మంచం పక్కన ప్లగ్గు దాని పరిధిలోకి రావు. అవి మనమే చూసుకోవాలి.

వరంగల్ ఇళ్లలో ప్రత్యేకంగా ఉండే ముప్పు: పత్తి

మన దగ్గర అక్టోబర్ నుంచి పత్తి ఏరుతాం. ధర వచ్చేదాకా, ఏనుమాముల మార్కెట్‌కు గానీ జిన్నింగ్ మిల్లుకు గానీ తీసుకెళ్లేదాకా చాలామంది దాన్ని ఇంట్లోనే నిల్వ చేస్తారు. కొన్ని ఇళ్లలో ముందు గది నిండా పత్తే ఉంటుంది. స్విచ్‌బోర్డు, చార్జింగ్ పంపు, కొన్నిసార్లు స్కూటర్ కూడా ఆ గదిలోనే ఉంటాయి.

పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల రగులుతూనే ఉంటుంది. ఏడాది కష్టం, ఇల్లు రెండూ ఒకేసారి పోతాయి. అందుకే పత్తి, గడ్డివాము, ఖాళీ గోనె సంచులు, పెట్రోల్ డబ్బా, పురుగుమందు డబ్బాలు ఉన్న చోట ఏ బ్యాటరీకీ చార్జింగ్ పెట్టవద్దు. పత్తి ఇంట్లో ఉన్న నెలల్లో చార్జింగ్ చోటును బయటికి మార్చుకోవాలి.

ట్రాక్టర్ బ్యాటరీ (లెడ్ యాసిడ్)

ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోకపోతే చాలామంది బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చి చార్జర్ పెడతారు. ఇందులో ప్రమాదం వేరు. చార్జింగ్ నిండే సమయంలో బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. గాలి కంటే తేలిక కాబట్టి మూసిన గదిలో కప్పు కింద పోగవుతుంది. పేలినప్పుడు బ్యాటరీ పగిలి యాసిడ్ ముఖం మీద పడుతుంది.

- పైన రేకు ఉన్నా పక్కలు తెరిచి ఉన్న కొట్టంలో పెట్టండి. దగ్గర్లో బీడీ, చుట్ట, దీపం, పొయ్యి ఉండకూడదు.
- మూతలు ఉన్న బ్యాటరీ అయితే నీటి మట్టం గీతల మధ్య ఉందో లేదో చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను పాడు చేస్తాయి. యాసిడ్ పోయవద్దు.
- బండి నుంచి విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్.
- చార్జర్ స్విచ్ ఆపి ఉంచి, ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు మైనస్‌కు పెట్టండి. ఆ తర్వాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు తీయాలి. స్విచ్ ఆన్‌లో ఉండగా క్లిప్పు లాగితే వచ్చే రవ్వే చాలా పేలుళ్లకు కారణం.
- కడియం, ఉంగరం తీసేయండి. పానా రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.
- చార్జింగ్ కరెంటు బ్యాటరీ ఆంపియర్-అవర్‌లో పదో వంతు ఉంటే మంచిది. 75 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 7 నుంచి 8 ఆంపియర్లు. ఖాళీ బ్యాటరీ నిండడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. తొందరపడి కరెంటు పెంచితే బ్యాటరీ వేడెక్కి ప్లేట్లు దెబ్బతింటాయి.
- నిండాక కొన్ని గంటలు ఆగి మీటరు పెడితే 12.6 వోల్టుల చుట్టూ చూపాలి. పదేపదే పడిపోతుంటే బ్యాటరీ అయిపోయిందని అర్థం. మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టడం వల్ల లాభం లేదు.

లెడ్ బ్యాటరీని పూర్తిగా నింపాలి కాబట్టి పగలు, ఇంటి దగ్గర మనిషి ఉండే రోజు చూసుకుని ఉదయమే పెట్టండి.

చార్జింగ్ పంపు

పంపు వీపున మోసేదే కాబట్టి చిన్నచూపు చూస్తాం. చాలా పంపుల్లో 12 వోల్టుల సీల్డ్ లెడ్ బ్యాటరీ ఉంటుంది. కొత్త వాటిలో కొన్నింటికి లిథియం వస్తోంది. మీదేదో లేబుల్ మీద చూసుకోండి. మందు కొట్టాక పంపు కడిగి, పిన్ను పెట్టే రంధ్రం ఆరాకే చార్జర్ పెట్టాలి. తడి చేతులతో ముట్టవద్దు. చార్జర్ లైటు నిండినట్టు చూపగానే తీసేయండి. రాత్రంతా వదలవద్దు. సీజన్ లేనప్పుడు కూడా నెలకోసారి చార్జింగ్ పెడితే వానాకాలానికి బ్యాటరీ బతికి ఉంటుంది. పిల్లలకు అందని చోట పెట్టండి. పంపులో బ్యాటరీ ఒక్కటే కాదు, మందు కూడా ఉంటుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ (లిథియం)

"పగలు చేనుకు పోతాం, రాత్రి కాక ఎప్పుడు పెట్టాలి?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లిథియం బ్యాటరీని రోజూ నూటికి నూరు నింపాల్సిన పని లేదు. 80 శాతం ఉన్నా మరుసటి రోజు పనికి సరిపోతే చాలు. సాయంత్రం ఇంటికి వచ్చాక అరగంట, ముప్పావు గంట చల్లారనిచ్చి, 7 గంటలకు పెట్టి పడుకునేముందు తీసేయవచ్చు. లేదంటే తెల్లవారి లేవగానే పెట్టి, చేనుకు పోయేముందు తీయవచ్చు. రెండు పద్ధతుల్లోనూ చార్జింగ్ జరుగుతున్నంతసేపు ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు.

- బ్యాటరీని మంచం కింద, పరుపు మీద, బీరువా పక్కన పెట్టవద్దు. రాయి లేదా సిమెంటు గచ్చు మీద పెట్టండి. పైన బట్ట కప్పవద్దు.
- బయటికి వెళ్లే దర్వాజ దగ్గర, మెట్ల కింద పెట్టవద్దు. మంట లేస్తే మీరు బయటపడే దారి అదే.
- ఎండాకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన బండికి, ఎండ పడుతున్న చోట చార్జింగ్ పెట్టవద్దు.
- బ్యాటరీ ఉబ్బినా, కింద పడి దెబ్బ తగిలినా, ఘాటైన వాసన వచ్చినా, ముట్టుకోలేనంత వేడెక్కినా మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు. డీలర్‌కు చూపించండి.
- నీట మునిగిన బ్యాటరీ ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. 2023 జూలై వరదలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినట్టు మన ఊళ్లు మునగడం కొత్త కాదు. మునిగిన బ్యాటరీని మెకానిక్ చూడనిదే ప్లగ్గు పెట్టవద్దు.

స్విచ్‌బోర్డు, ఎర్తింగ్

స్కూటర్ చార్జర్ గంటల తరబడి కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్‌కు వాడే వదులు ప్లగ్గు దానికి పనికిరాదు. మూడు పిన్నుల గట్టి సాకెట్, దానికి విడిగా ఎంసీబీ పెట్టించుకోండి. సన్నటి వైరుతో చేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడవద్దు. చార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే లోపల వైరు వదులుగా ఉందని అర్థం.

ఎర్తింగ్ లేని ఇంట్లో మూడో పిన్ను ఉన్నా లేనట్టే. గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ చేయించి, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే లీకేజీ వచ్చినప్పుడు కరెంటు దానంతటదే ఆగిపోతుంది. బావి దగ్గర స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి చార్జింగ్ పెట్టడం మానుకోండి. వోల్టేజీ ఎక్కువ తక్కువలు తరచూ వస్తుంటే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫిర్యాదు చేయండి.

ప్రమాదం జరిగితే

1. ముందు మనుషులను బయటికి పంపండి. పొగ పీల్చవద్దు. లిథియం పొగ విషపూరితం.
2. మెయిన్ స్విచ్ చేతికి అందే చోట, మంటకు దూరంగా ఉంటేనే ఆపండి.
3. మండుతున్న బ్యాటరీని చేత్తో పట్టుకుని బయట పడేయాలని చూడవద్దు. వీలైతే ఆ గది తలుపు మూసి 101 లేదా 112కు ఫోన్ చేయండి.
4. కరెంటు ఆపకుండా నీళ్లు చల్లవద్దు. లిథియం మంట ఆరినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ లేవవచ్చు.
5. యాసిడ్ కంట్లో, ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగండి. పసుపు, నూనె, సోడా పెట్టవద్దు. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

బిల్లు, పాత బ్యాటరీ

బండి, బ్యాటరీ, చార్జర్ బిల్లులు, వారంటీ కార్డు దాచుకోండి. డీలర్ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు లేకపోతే ఫిర్యాదుకు బలం ఉండదు. పాత బ్యాటరీని తయారీ సంస్థలు వెనక్కి తీసుకోవాలని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొత్తది కొనేటప్పుడే పాతది డీలర్‌కు ఇచ్చేయండి. ఇంట్లో పగలగొట్టి సీసం తీయడం, చేను గట్టున పారేయడం రెండూ ప్రమాదమే.

ఈ రోజే చూసుకోవలసినవి

- ఇంట్లో ఎన్ని బ్యాటరీలు ఉన్నాయి, ఏది లెడ్, ఏది లిథియం? దేని చార్జర్ మీద దాని పేరు రాసి పెట్టండి.
- చార్జింగ్ చోటుకు, పడుకునే చోటుకు మధ్య గోడ ఉందా?
- దగ్గర్లో పత్తి, గడ్డి, పెట్రోల్ ఉన్నాయా?
- ప్లగ్గు వేడెక్కుతోందా? ఎర్తింగ్ ఉందా?
- పడుకునేముందు ప్లగ్గు తీసే బాధ్యత ఇంట్లో ఎవరిది?

చివరి ప్రశ్నకు ఒక పేరు చెప్పుకోండి. అందరి పని అనుకుంటే ఎవరూ చేయరు. నిజామాబాద్‌లో, విజయవాడలో ప్రమాదం జరిగింది తెల్లవారుజామునే. రాత్రి ప్లగ్గు తీసి పడుకోవడానికి పైసా ఖర్చు లేదు.