చూద్దాంలే అంటే కన్ను ఆగదు

"పద్దెనిమిదేండ్లు రానీ, అప్పుడు చేయిద్దాంలే." పిల్లల కంటి ఆపరేషన్ అనగానే మా ప్రొద్దుటూరులో పెద్దవాళ్లు అనే మాట ఇదే. అద్దాలు తీసేయడానికి చేసే లేజర్‌కైతే ఆ మాట సరైనదే. కెరటోకోనస్‌కు మాత్రం ఇంతకంటే చెడ్డ సలహా లేదు.

కంటి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. అది పలచబడి, ముందుకు కోసుగా పొడుచుకు రావడమే కెరటోకోనస్. సిలిండర్ పవర్ పెరుగుతూ పోతుంది, అద్దాలు ఎన్నిసార్లు మార్చినా బోర్డు మీద అక్షరం తేటగా కనపడదు. ముప్పై, నలభై ఏండ్లు దాటినాక జబ్బు చాలామందిలో నెమ్మదిస్తుంది. పిల్లల్లో పరుగెత్తుతుంది. మనం "చూద్దాంలే" అని గడిపేసే ఏండ్లే అది కన్ను తినే ఏండ్లు.

దాన్ని ఆపడానికి ఉన్నది క్రాస్ లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన పద్ధతి. కార్నియా పైపొర తీసి, అరగంట సేపు రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి (మన బి2 విటమినే), తర్వాత అతినీలలోహిత కాంతి పెడతారు. పొర గట్టిపడుతుంది. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏండ్ల పిల్లలు 60 మందిని రెండు జట్లుగా చేసి చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నరకు క్రాస్ లింకింగ్ చేసినవాళ్లలో 7 శాతం మందికే జబ్బు ముదిరింది. అద్దాలు, లెన్సులతో సరిపెట్టినవాళ్లలో 43 శాతం మందికి. ఇంకేం చూద్దాం మనం?

మూడు నాలుగు రోజులు బాగా నొప్పి ఉంటుంది, అది దాచను. మసక, ఇన్ఫెక్షన్ కొద్దిమందికి రావచ్చు. పొర తీయకుండా, నొప్పి లేకుండా చేస్తామనే రకం కూడా ఉంది. వినడానికి బాగుంటుంది కానీ, జబ్బును ఆపడంలో పొర తీసి చేసేదానికున్నంత రుజువు దానికి లేదు. బిడ్డ ఏడుస్తుందని చూసి అదే ఎంచుకుంటే, ఎవరి సుఖం కోసం ఎంచుకున్నట్టు?

ఉంగరాలు పెడితే చూపు మెరుగవుతుందని చెప్తే, అడగండి: జబ్బు ఆగుతుందా? ఆగదు. అవి ఆకారం సరిచేస్తాయంతే. ఇక కార్నియా మార్పిడి. దాత కన్ను ఇవ్వడం గొప్ప దానమే. అయితే పిల్లల్లో కుట్లు త్వరగా వదులవుతాయి, శరీరం తిరస్కరించే భయం ఎక్కువ, ఏండ్ల తరబడి చుక్కలు వేస్తూ డాక్టరు దగ్గరికి తిరగాలి. అది చివరి మెట్టు. ముందే ఆపితే ఆ మెట్టు ఎక్కనవసరం లేని బిడ్డలు చాలామంది.

"ఆడపిల్ల కంటికి ఆపరేషన్ అయిందంటే సంబంధాలు రావు" అనే జేజమ్మలకు నా జవాబు ఒకటే: చూపు పోతే వస్తాయా?

అమ్మను తిట్టేవాళ్లూ ఉన్నారు, ఫోన్ చూడనిచ్చిందని. కెరటోకోనస్‌కు ఫోన్ కారణం కాదు. కండ్లు గట్టిగా నలపడం మాత్రం పెద్ద శత్రువు. జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎండకూ దుమ్ముకూ పిల్లల కండ్లు ఎర్రగా దురద పెడతాయి. వెంటనే మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేస్తారు. దాంతో కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం వస్తుంది. దురదకు వైద్యం డాక్టరు చేతుల్లో జరగాలి. అది తగ్గకపోతే, క్రాస్ లింకింగ్ అయినాక కూడా జబ్బు మళ్లీ కదలొచ్చు.

2019 అక్టోబర్ 10న రాష్ట్రంలో కంటి వెలుగు మొదలుపెట్టి బడిపిల్లల కండ్లు చూశారు, అద్దాలిచ్చారు. మంచి పనే. కానీ అక్షరాల చార్టు చదివిస్తే చూపు తగ్గిందని తెలుస్తుంది, కార్నియా కోసు దేలిందని తెలియదు. దానికి టోపోగ్రఫీ చేయాలి. ఆరు నెలలకోసారి సిలిండర్ మారుతుంటే "పవర్ పెరిగింది" అని అద్దాల అంగడిలో తేల్చేసుకోకండి. ఆ మిషన్ ఉన్న కంటి ఆసుపత్రికి పోండి. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాదు బస్సెక్కండి. డబ్బు కట్టలేనివాళ్లను ఉచితంగా చూసే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి అక్కడుంది.

పోయేటప్పుడు పాత అద్దాల చీటీలన్నీ తీసుకుపోండి, డాక్టరుకు జబ్బు నడక తెలుస్తుంది. రెండో కన్ను కూడా కొలిపించండి. వెంట తమ్ముడినో చెల్లెలినో తీసుకుపోగలిగితే, వాళ్లకూ టోపోగ్రఫీ చేయమని అడగండి.