పడవ బీటను చిన్నచూపు చూడరాదు

మైలవరం జలాశయాన్ని నమ్ముకొని బతికే మత్స్యకారునికి పడవే పొలం, పడవే కాడెద్దు. ఎద్దు కుంటితే రైతు దుక్కి ఆపి మందు వేయిస్తాడు. పడవ అడుగున బీట పడితే మాత్రం గుడ్డపేలిక కుక్కి, తారు పూసి వేటకు బయలుదేరే అలవాటు ఇంకా పోలేదు. పెన్నకు అడ్డంగా కట్టిన ఈ జలాశయం నిండితే దాదాపు 10 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. నడిమధ్యలో గాలి లేచి ఆ అతుకు ఊడితే, కేక వేసినా పలికేవారుండరు.

పూర్వం వెదురు పుట్టికి తోలు కప్పేవారు. తర్వాత తారు పట్టాలు వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్లు, ప్లాస్టిక్ పడవలు వచ్చాయి. వస్తువు మారినా మరమ్మతు మారలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటివద్ద బాగుచేయదలచినవారు ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి. రంగు లేనిచోట చిన్న ముక్క గీకి, చెంబునీటిలో వేలితో ముంచి వదలాలి. పైకి తేలితే పాలిథీన్. మునిగితే చాలావరకు ఫైబరే.

పాలిథీన్‌కు మామూలు జిగురు నిలవదు. బీట రెండు కొసల్లో సన్నని రంధ్రం వేస్తే అది ఇక పాకదు. ఆపైన అదే రకం ప్లాస్టిక్ కడ్డీని, బీట అంచులను వేడిగాలి మిషనుతో కలిపి కరిగించి అతకాలి. నల్లగా మాడిస్తే అతుకు పెళుసవుతుంది.

ఫైబర్‌కైతే దెబ్బతిన్నచోటును గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా ఆరబెట్టాలి. బీటకు చుట్టూ మూడేసి అంగుళాలు దాటేలా గాజునార గుడ్డను రెజిన్‌తో రెండు మూడు పొరలు పరచాలి. గట్టిపరచే మందును డబ్బాపై రాసిన పాళ్లకు మించి కలిపితే రెజిన్ వేడెక్కి పొగలు లేస్తుంది. ఆ మందు కంట్లో పడితే చూపుకే ముప్పు. అందుచేత ఈ పని ఆరుబయట, పొయ్యికి, పిల్లలకు దూరంగా చేయాలి.

అతుకు గట్టిపడిన తర్వాత వెంటనే లోతుకు పోరాదు. మోకాటిలోతు నీటిలో రాళ్లబరువు పెట్టి ఒక పూట చూడాలి. ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కి, ముట్టుకొంటే పొడి రాలే పడవకు ఏ అతుకూ వృథా. అటువంటిదాన్ని నీటిలో దింపకపోవటమే మేలు. ఉన్న పడవను ఒడ్డున నీడలో బోర్లించి ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది.

అయితే కూలి దొరకని రోజున వేటకు పోయే పేదవానికి రెజిన్, గాజునార ఎక్కడ దొరుకుతాయి? పడవ ఇవ్వటంతోనే బాధ్యత తీరినట్లు కాదు. మత్స్యశాఖవారు, సహకార సంఘాలవారు ఏటా వానలకు ముందు జలాశయం గట్టుమీదనే మరమ్మతు నేర్పాలి. కావలసిన సరుకును కొద్దికొద్దిగా సంఘంలో అందుబాటులో ఉంచాలి. ప్రతి పడవకూ లైఫ్ జాకెట్లు సమకూర్చాలి.

మత్స్యకారులు కూడా ఒక పూట వేట పోతుందని వెనుకాడరాదు. బీటపడిన పడవ గుమ్మం దాటుతూ ఉంటే ఇంటి ఆడవారు అడ్డుపడాలి. ఆ పూట కూడు తగ్గినా, మనిషి ఇంట్లో ఉంటాడు.