మరియు బృందం

పోయిన నెల మా కాలేజీ పిల్లలు ఒక పాటల సభ పెట్టుకున్నారు. తొంభైల్లో మా వైపు ఊరూరా తిరిగి పాడిన ఒక గాయకుడు, ఎప్పుడో చెదిరిపోయిన తన పాత దళంతో కలిసి మళ్ళీ పాడటానికి ఒప్పుకున్నాడు. కరపత్రం నేనే రాశాను. తెలుగులో డాక్టరేట్ చేసినవాణ్ణి కదా, ఇలాంటి పనులు నా మీదే పడతాయి. పెద్దక్షరాల్లో గాయకుడి పేరు, పక్కన ఫోటో, కింద చిన్నగా ‘మరియు బృందం’.

ఆ బృందంలో డప్పు కొట్టేది మా పెదనాన్న. కరపత్రం చేతికిస్తే కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘బృందమంటే నేనేగా అబ్బాయ్’ అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండేవాణ్ణి.

ఆ రాత్రి నాకు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గుర్తొచ్చాడు. డప్పుకీ అమెరికా రాక్ పాటకీ సంబంధమేంటని మీరు నవ్వుకోవచ్చు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో, హాస్టల్ గదిలో ఒక మిత్రుడు వినిపిస్తే అంటుకున్న పిచ్చి అది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి మీద నాకు ఎంత ఇష్టమో అంత పేచీ. ఈ వారం ఆ పేచీ గురించే రాస్తాను.

స్ప్రింగ్‌స్టీన్ తెల్లవాడు, న్యూజెర్సీ కార్మిక కుటుంబంలో పుట్టినవాడు. అతని వెనక వాయించే దళం పేరు ఇ స్ట్రీట్ బ్యాండ్. 1989 అక్టోబరులో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇక మీ అవసరం లేదని చెప్పేశాడు. పదేళ్ళ తర్వాత, 1999లో, మళ్ళీ అందర్నీ పిలిచాడు. బార్సిలోనాలో మొదలై 2000 జూలై 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముగిసిన ఆ యాత్రలో 130కి పైగా కచేరీలు చేశారు. రాక్ చరిత్రలో పునస్సమాగమం అనగానే చెప్పుకునే పేర్లలో ఇదొకటి. పాత స్నేహితులు కలిశారు, అభిమానులు ఏడ్చారు. పత్రికలు రాసింది ఎక్కువగా ఇదే.

అయితే ఆ బ్యాండ్‌కి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. బెల్మార్ అనే ఊళ్ళో ఇ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. తొలి రోజుల్లో పియానో వాయించిన డేవిడ్ సాన్షస్ వాళ్ళమ్మ ఇల్లు ఆ వీధిలో. సాధన అక్కడ. సాన్షస్ నల్లజాతివాడు. ఒక నల్లజాతి తల్లి ఇంటి వీధి పేరు మీద ఆ దళం 50 ఏళ్ళుగా ప్రపంచమంతా తిరుగుతోంది. 1974లో కొన్ని నెలల పాటు అందులో ముగ్గురు తెల్లవాళ్ళు, ముగ్గురు నల్లవాళ్ళు ఉన్నారు: సాన్షస్, డ్రమ్మర్ ఎర్నెస్ట్ కార్టర్, శాక్సఫోన్ క్లారెన్స్ క్లెమన్స్. స్ప్రింగ్‌స్టీన్‌ని స్ప్రింగ్‌స్టీన్ చేసిన పాట ‘బార్న్ టు రన్’లో డ్రమ్స్ కార్టర్‌వే. ఆ ఆగస్టులో సాన్షస్, కార్టర్ తమ సొంత సంగీతం కోసం వెళ్ళిపోయారు. ఎవరూ తరమలేదు, అది చెప్పి తీరాలి. కానీ ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వేదిక మీద నల్లజాతి మనిషి ఒక్కడే మిగిలాడు.

ఆ ఒక్కడి గురించే నా పేచీ అంతా.

‘బార్న్ టు రన్’ ఆల్బమ్ 1975 ఆగస్టులో వచ్చింది. దాని అట్ట మీది ఫోటో ఎరిక్ మియోలా తీశాడు. ముందు అట్ట మీద గిటార్ వేసుకున్న స్ప్రింగ్‌స్టీన్, ఎవరి భుజం మీదో వాలి నవ్వుతుంటాడు. ఆ భుజం ఎవరిదో తెలియాలంటే అట్ట తిప్పాలి. వెనక వైపు శాక్సఫోన్ ఊదుతూ క్లెమన్స్ ఉంటాడు. రెండు అట్టలూ విప్పి పరిస్తేనే బొమ్మ పూర్తవుతుంది. 1975 అమెరికాలో ఒక తెల్ల కుర్రాడు నల్లవాడి భుజం మీద అంత ప్రేమగా వాలడం చిన్న విషయం కాదని నాకూ తెలుసు. అది నమ్మకంతో చేసిన పనే. అయినా దుకాణంలో కనపడేది ముందు అట్టే కదా. ఆ అక్టోబరులో టైమ్, న్యూస్‌వీక్ రెండు పత్రికలూ ఒకే వారం అతన్ని ముఖచిత్రంగా వేశాయి, ఒక్కణ్ణే. భుజం దాకా కూడా పోలేదు.

వాళ్ళ కథ నడిచింది ఆస్బరీ పార్క్ అనే సముద్రపు ఊళ్ళో. రైలు పట్టాలకు తూర్పున సముద్రం, హోటళ్ళు, షికారుకొచ్చే జనం. పడమర నల్లవాళ్ళ ఇళ్ళు. ఊరు, వాడ అని బోర్డులు పెట్టలేదు గానీ మనవాళ్ళనెవర్ని అక్కడ దింపినా దారి అడక్కుండా చెప్పేస్తారు. 1970 జూలైలో పడమటి వైపు కడుపు మండి తిరగబడింది. స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ తగలబడింది. నల్లజాతి సంగీతం రాత్రంతా మోగిన క్లబ్బుల వీధి అది. మరుసటి ఏడే స్ప్రింగ్‌స్టీన్, క్లెమన్స్ అదే ఊళ్ళో కలిశారు. ఆ కలయికని స్ప్రింగ్‌స్టీన్ వేదిక మీద పురాణంలా చెప్పేవాడు: గాలివాన, ఊడిపోయిన తలుపు, గుమ్మం నిండా నిలబడ్డ భారీ మనిషి. జనం వెర్రెత్తిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా ఏదో గుచ్చుకుంటుంది. తెల్ల కథానాయకుడి బతుకు నింపడానికి తుఫాను పంపిన నల్లవాడు! ఆ తుఫానుకు ముందు అతనికి బతుకు లేదా? వర్జీనియాలో చేపల కొట్టు నడిపే తండ్రికి పుట్టి, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద కాలేజీ చదివి, బాలనేరస్తుల బడిలో కౌన్సెలర్‌గా పనిచేసిన మనిషి అతను. పురాణంలో ఇవేవీ ఉండవు. ‘బిగ్ మ్యాన్’ అనే బిరుదు మాత్రం ఉంటుంది. (క్లెమన్స్ ఆ బిరుదుని ఇష్టపడ్డాడు, తన పుస్తకానికి అదే పేరు పెట్టుకున్నాడు. అతని ఇష్టాన్ని నేను దిద్దను. నాకు గుచ్చుకుందని మాత్రమే చెబుతున్నాను.)

1988లో ఈ బ్యాండ్ మన దేశం వచ్చింది. సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనకు 40 ఏళ్ళయిన సందర్భంగా ఆమ్నెస్టీ ‘హ్యూమన్ రైట్స్ నౌ’ పేరుతో దేశదేశాల్లో కచేరీలు పెట్టింది. సెప్టెంబర్ 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో స్టింగ్, ట్రేసీ చాప్‌మన్‌లతో పాటు వీళ్ళూ పాడారు. కారంచేడు జరిగి అప్పటికి మూడేళ్ళు. చుండూరు జరగడానికి ఇంకా మూడేళ్ళుంది. ఢిల్లీలో మానవ హక్కుల పాటలు మోగిన ఆ సాయంత్రం చీరాల శిబిరం చూసినవాళ్ళు ఏం చేస్తున్నారో అనుకుంటాను. ఆ పాటలు వాళ్ళ దాకా రాలేదు. వాళ్ళ పాట ఢిల్లీ దాకా పోలేదు.

అదే యాత్రలో, పది రోజులకి, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో పాడారు. స్టేడియం నిండా నల్లజాతి జనం. బ్యాండ్‌లోని తెల్లవాళ్ళకి అది కొత్త. క్లెమన్స్ పదిహేడేళ్ళుగా ప్రతి రాత్రీ తెల్లముఖాల సముద్రం ముందు నిలబడి ఊదినవాడు. మిగతావాళ్ళకి ఆ అనుభవం తిరగేసి ఒక్క సాయంత్రం దక్కింది. ఆ మరుసటి ఏడే ఫోన్లు వచ్చాయి. క్లెమన్స్ అప్పుడు రింగో స్టార్ బృందంతో జపాన్‌లో ఉన్నాడు.

ఇక 1999. ఆ మార్చిలోనే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్ప్రింగ్‌స్టీన్‌కి చోటిచ్చారు. అతనొక్కడికే. బ్యాండ్‌ని కూడా చేర్చమని పట్టుబట్టమంటూ స్టీవ్ వాన్ జాంట్ ముందే తన ఇంటికొచ్చి అడిగాడనీ, తాను ఆ పని చెయ్యలేదనీ స్ప్రింగ్‌స్టీనే తర్వాత ఒప్పుకున్నాడు. ఒప్పందం మొదటినుంచీ అతనొక్కడి పేరు మీద. పాటలన్నీ అతని రాత. ‘జంగిల్‌ల్యాండ్’ పాటలో శాక్సఫోన్ వాయింపు కోసం ఇద్దరూ 16 గంటలు కూర్చున్నారు. స్ప్రింగ్‌స్టీన్ ఒక్కో ముక్కా చెబుతుంటే క్లెమన్స్ ఊదాడు. ఇప్పుడు అది ఎవరిది? చెప్పినవాడిదా, ఊపిరి ఇచ్చినవాడిదా? కాపీరైటు లెక్కలో రాతకీ బాణీకీ హక్కుంది. ఊపిరికి కూలే. మన సాహిత్య చరిత్రలు కూడా ఇదే లెక్క నేర్చుకున్నాయి కాబట్టి నేను ఎవర్నీ ఎక్కువ తిట్టలేను.

ఇంత పేచీ పడ్డాక కూడా ఆ పునస్సమాగమాన్ని నేను వదులుకోలేను. కారణం ఒక పాట.

1999 ఫిబ్రవరి 4న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ అమదూ డియాలోని మఫ్టీలో ఉన్న నలుగురు పోలీసులు కాల్చి చంపారు. గినీ దేశం నుంచి వచ్చిన 23 ఏళ్ళ కుర్రాడు. చేతిలో ఉన్నది పర్సు. 41 తూటాలు పేల్చారు, 19 తగిలాయి. 2000 ఫిబ్రవరిలో నలుగురినీ నిర్దోషులని వదిలేశారు. మనకిది అనువాదం అక్కర్లేని వార్త. చుండూరులో 8 మందిని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసిన రోజు మన ఇళ్ళల్లో ఎలా ఉందో మీకు తెలుసు.

ఆ జూన్‌లో, యాత్ర చివర్లో, అట్లాంటాలో స్ప్రింగ్‌స్టీన్ ఒక కొత్త పాట పాడాడు: ‘అమెరికన్ స్కిన్’. న్యూయార్క్ పోలీసు సంఘం మండిపడింది. అతని కచేరీలని బహిష్కరించమంది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పది రాత్రుల కచేరీలు మొదలవుతున్న సమయం. అతని శ్రోతల్లో తెల్ల కార్మిక కుటుంబాలు ఎక్కువ, వాటిలో పోలీసుల కుటుంబాలూ ఉంటాయి. పాడాడు. కొందరు అరిచారు, వెక్కిరించారు. ఆపలేదు. ఆ తూటాల లెక్కని బ్యాండ్‌లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గర పలుకుతారు. వాళ్ళలో క్లెమన్స్ ఉన్నాడు.

ఇక్కడ ఆగి వినండి. ఆ పాట స్ప్రింగ్‌స్టీన్ గిటార్ పట్టుకుని ఒంటరిగా కూడా పాడగలడు. 1995 తర్వాత అలా ఒంటరిగా చాలా ఊళ్ళు తిరిగాడు. కానీ ఆ అంకె క్లెమన్స్ నోట పలికినప్పుడు దాని బరువు మారిపోతుంది. ఆ చీకట్లో ఆ గుమ్మంలో పర్సు తీసి ఉంటే ఆ వేదిక మీదివాళ్ళలో ఎవర్ని కాల్చేవాళ్ళో హాల్లో ప్రతివాడికీ తెలుసు. రాసినవాడు పక్కన నిలబడ్డాడు, చెప్పాల్సినవాడు చెప్పాడు. పదేళ్ళ కింద ఫోన్ చేసి పొమ్మన్న మనిషి లేకపోతే ఆ పాట సానుభూతిగానే మిగిలేది. పాతవాళ్ళు కలవడం అంటే పాత పాటలు మళ్ళీ వాయించుకోవడమైతే నాకు ఆసక్తి లేదు. వాళ్ళు కలిస్తేనే పలకగలిగే మాట ఒకటుండాలి. ఆ యాత్రకి పదిహేనో నెలలో అది దొరికింది.

డానీ ఫెడెరీచీ 2008లో, క్లెమన్స్ 2011 జూన్ 18న చనిపోయారు. 2012లో ఫ్లోరిడాలో ట్రెయ్‌వాన్ మార్టిన్ అనే 17 ఏళ్ళ పిల్లాణ్ణి కాల్చి చంపాక ఆ పాట మళ్ళీ వేదికెక్కింది. అప్పటికి శాక్సఫోన్ క్లెమన్స్ తమ్ముడి కొడుకు జేక్ చేతిలో ఉంది. ఇ స్ట్రీట్ బ్యాండ్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2014 ఏప్రిల్‌లో. పదిహేనేళ్ళ ఆలస్యం. ఆ రాత్రి వేదిక మీద స్ప్రింగ్‌స్టీన్ స్టీవ్ అడిగిన సంగతి చెప్పాడు, గొప్పగా మాట్లాడాడు. ఇద్దరికి మాత్రం వినపడలేదు.

క్లాసులో బుర్రకథ పాఠం చెప్పేటప్పుడు నేనొక మాట దగ్గర ఆగుతాను. వంత. మధ్యలో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుణ్ణి ఆపి ప్రశ్న వేసేది వంతే, రాజుని ఎగతాళి చేసేదీ వంతే. పోలీసు వచ్చి కూర్చున్నాడని తెలిస్తే కథకుడు పురాణంలో ఉంటాడు, అనాల్సిన మాట వంత అనేస్తాడు. అలాంటి పనికి మన భాషలో ఏ అర్థం మిగిలింది? ‘వంత పాడటం’ అంటే భజన చెయ్యడం. వెనక నిలబడినవాణ్ణి తిట్టుగా మార్చుకున్న భాషలోనే నేను డాక్టరేట్ తీసుకున్నాను, ఆ భాషలోనే కరపత్రం రాశాను.

ఉద్యమాల్లో ఉన్నవాళ్ళం మనం ఈ విషయంలో మరీ శుభ్రంగా లేం. గద్దర్ గొంతు మనకు కంఠతా వచ్చు. ఆ గొంతు కింద నడిచిన డోలక్ ఎవరిదో, కోరస్‌లో పైస్థాయి అందుకున్న ఆడగొంతు ఎవరిదో మనలో ఎంతమందిమి అడిగాం? అమెరికా పాటగాడి ఆల్బమ్ అట్ట తిప్పి చూపించడం నాకు తేలికైంది. మా ఇంటి అట్ట తిప్పడానికి పెదనాన్న జేబులో కాగితం పెట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పిల్లలతో కూర్చుని కరపత్రం మార్చాం. డీటీపీ అబ్బాయి జాగా సరిపోదన్నాడు. ఫోటో చిన్నది చెయ్యమన్నాం. గాయకుడికి ఫోన్ చేసి భయంభయంగా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘పేర్లు చెప్తా, రాసుకో’ అని మూడు చెప్పాడు. నాలుగో మనిషి తాళాలు వేసేవాడు, పోయి చాలా కాలమైంది. దళమంతా ఆయన్ని ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళట. అసలు పేరు పెదనాన్నకీ తెలియదు. ఆ ఊరికి మొన్న ఇద్దరు పిల్లలు బండి మీద వెళ్ళారు. ఆయన భార్య కూలికెళ్ళిందని, సాయంత్రం రమ్మన్నారని ఫోన్ చేశారు. కరపత్రం ఇంకా ప్రింటుకి పోలేదు.