ఇంటి లెక్క: ఫీజు కన్నా ఎక్కువ ఖరీదైనది కాలం

గత మాసంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని కూర్చున్న వేళ, అమెరికాలోని టెక్సాస్ నుండి మా అక్క కూతురు ఫోను చేసింది. "అస్సలాము అలైకుమ్ ఖాలా! ఒక లెక్క సరిచూసి పెట్టాలి" అన్నది. ఆమె అక్కడికి వెళ్ళి ఆరేళ్ళయింది. గ్రీన్ కార్డు వచ్చింది. పిల్లలిద్దరూ బడికి వెళుతున్నారు. తాను ఒక దుకాణంలో గంటకు 15 డాలర్ల వేతనంపై పనిచేస్తున్నది. ఇప్పుడు నర్సు కావాలని ఆమె సంకల్పం.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి కమ్యూనిటీ కాలేజీ. ఇవి ప్రజల పన్నుల సొమ్ముతో నడిచే కళాశాలలు కనుక స్థానికులకు ఫీజు తక్కువ. కాని నర్సింగు విభాగంలో సీట్లు పరిమితం. ఈ సంవత్సరం రాకపోవచ్చునని, వచ్చే ఏడాది వరకు ఆగవలసి ఉంటుందని అక్కడివారు చెప్పారట. రెండవది ఒక ప్రైవేటు సంస్థ. "వెంటనే చేరవచ్చు, మొత్తం ఫీజు 52 వేల డాలర్లు, అప్పు మేమే ఇప్పిస్తాము" అన్నదట ఆ సంస్థ. ఆ అప్పు వడ్డీ అప్పే. అమ్మాయి మనసు ఊగిసలాడుతున్నది అందుకే. "ఒక ఏడాది వృథా చేసుకోవడం కూడా నష్టమే కదా ఖాలా?" అన్నది.

నష్టమే. ఆమె మాటను నేను కొట్టివేయలేదు. కాగితం, కలం తీసుకున్నాను.

2024-25లో అమెరికా కమ్యూనిటీ కాలేజీలలో స్థానిక విద్యార్థికి సగటు ఫీజు ఏడాదికి 4,050 డాలర్లు. రెండేళ్ళకు 8,100. పుస్తకాలు, యూనిఫాం, టీకాలు, లైసెన్సు పరీక్ష రుసుము 200 డాలర్లు, ఇతరత్రా కలిపి మరో రెండు వేలు వేసుకున్నాము. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. చాలామంది వేయని పద్దు మరొకటున్నది: మానుకొనే పని. గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 40 గంటలంటే ఏడాదికి 31,200. నర్సింగు తరగతులు, ఆసుపత్రి శిక్షణ మొదలైన తరువాత ఆ ఉద్యోగం సాగదు. రెండేళ్ళకు 62,400 డాలర్లు రాకుండా పోతాయి. అంటే చదువుకయ్యే 72,500లో కళాశాలకు కట్టేది తొమ్మిదో వంతు మాత్రమే!

ఇక రాబడి. 2024 ప్రభుత్వ గణాంకాల ప్రకారం రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. ఈ అంకెను చూసి మురిసిపోరాదు. ఇందులో ఇరవై ఏళ్ళ అనుభవమున్నవారూ ఉన్నారు, పెద్ద చదువులు చదివినవారూ ఉన్నారు. మా అమ్మాయికి మొదట్లో 68 వేలే వస్తాయనుకొని లెక్క వేశాము. దుకాణం వేతనం కన్నా ఏడాదికి 36,800 ఎక్కువ. పన్నుల మాట అటుంచితే, పెట్టిన ఖర్చు దాదాపు రెండేళ్ళలో తీరిపోతుంది.

ఒక ఏడాది ఆలస్యమైతే ఆమెకు కలిగే నష్టం కూడా ఈ 36,800 డాలర్లే. ప్రైవేటు సంస్థ అదనంగా అడుగుతున్నది 43,900. వడ్డీని లెక్కలోకి తీసుకోకముందే ఆగడం చౌక అని తేలింది. నిరీక్షణ రెండేళ్ళయితే ఈ లెక్క తిరగబడుతుంది, దాచిపెట్టను. అందుకే ఒక్క కళాశాలను నమ్ముకొని కూర్చోక, ప్రయాణానికి వీలైన మూడు నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టమన్నాను. ఆగే కాలంలో శరీరశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం వంటి ముందస్తు పాఠాలు సాయంత్రాలలో పూర్తిచేయవచ్చు. అవి ఎలాగూ తప్పవు. రెండేళ్ళ పట్టా అనేది చాలామందికి మూడేళ్ళ పైమాటే కావడానికి కారణమూ అవే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆదాయాన్నిబట్టి పెల్ గ్రాంటుకు అర్హులు. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. వడ్డీ అప్పు పత్రంపై సంతకం పెట్టబోయిన అమ్మాయికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు!

రెండేళ్ళ పట్టా అయినా, నాలుగేళ్ళ పట్టా అయినా వ్రాయవలసింది ఒకే ఎన్‌క్లెక్స్ పరీక్ష, వచ్చేది ఒకే లైసెన్సు. అయితే కొన్ని పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ళ పట్టానే కోరుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ప్రకారం, లైసెన్సు పొందిన కొత్త నర్సులు పదేళ్ళలోగా ఆ పట్టా సంపాదించాలి. ఉద్యోగం చేసుకుంటూ దానిని పూర్తి చేయవచ్చు. కనుక ఏ కళాశాలలోనైనా చేరే ముందు, అక్కడి క్రెడిట్లను విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందా, అక్కడి విద్యార్థులలో ఎన్‌క్లెక్స్‌ను తొలిసారే గట్టెక్కినవారు ఎందరు అన్నవి తెలుసుకోవాలి. ఉత్తీర్ణత వివరాలను రాష్ట్ర నర్సింగు బోర్డు ప్రకటిస్తుంది. 2023 జనవరిలో ఫ్లోరిడాలో 7,600కు పైగా నకిలీ నర్సింగు పట్టాలు అమ్మిన వ్యవహారం బయటపడి 25 మందిపై కేసులు పెట్టారు. సులువుగా, త్వరగా అన్న మాట వినగానే జాగ్రత్త పడాలి.

ఇక్కడ బి.ఎస్సీ. నర్సింగో, జి.ఎన్.ఎమ్.మో చదివి పెళ్ళి చేసుకొని అమెరికా వెళ్ళే ఆడపిల్లలకు ఒక మాట. మళ్ళీ మొదటినుండి చదవాలని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. మీ సర్టిఫికెట్లను అక్కడి బోర్డు పరిశీలించి అర్హత ఇస్తే నేరుగా ఎన్‌క్లెక్స్ వ్రాయవచ్చు. దానికి హైదరాబాదులోనే పరీక్షా కేంద్రమున్నది.

లెక్క అంతా విన్నాక అమ్మాయి కొంచెంసేపు మౌనంగా ఉండి, "శిక్షణ రోజుల్లో తెల్లవారుజామునే ఆసుపత్రిలో ఉండాలి ఖాలా. పిల్లలను బడికి ఎవరు పంపుతారు?" అన్నది. అసలు ప్రశ్న ఇదే. దీనికి నా కాగితం మీద జవాబు లేదు. "ఫోను మీ ఆయనకు ఇవ్వు" అన్నాను. ఇంటి పోషణ భర్త బాధ్యత, భార్య సంపాదన ఆమె సొంతం అని మన పెద్దలు అతనికి చెప్పే ఉంటారు. కాని ఉదయం ఐదున్నరకు టిఫిను డబ్బాలు ఎవరు కట్టాలో ఎవరూ చెప్పి ఉండరు. అతను కాసేపు నవ్వి, తన డ్యూటీ వేళలు మార్చమని అడిగి చూస్తానన్నాడు. ముందు అడగమని, అనుమతి వచ్చాకే దరఖాస్తు రుసుము కట్టమని చెప్పాను. మొన్న జుమా నాడు సందేశం వచ్చింది: వారానికి మూడు రోజులకు అనుమతి దొరికిందట. మిగిలిన రెండు రోజులకు పొరుగున ఉన్న ఒక మలయాళీ సోదరిని అడుగుతున్నారు.